మూడో దెబ్బ

నిజం నిలకడ మీద తేలుతుందని మనవాళ్ళు తరతరాలుగా నమ్ముతున్నారు. ఎన్నేళ్ళ నిలకడ, తేలేదాకా ఎవరు కాచుకోవాలి, కాచుకున్నవాళ్ళలో చివరికి ఎందరు మిగులుతారు అన్నది సామెత చెప్పదు. బెంగళూరు పక్క యలహంక పాతవూరి మగ్గాల వీధిలో శ్రీనివాసప్ప ఈ మాటను అరవై మూడేళ్ళ వయసు దాకా ఏ శంకా లేకుండా నమ్మాడు. అతని నమ్మకానికి అప్పటిదాకా పరీక్ష ఎదురుకాలేదు. పరీక్ష ఎరగని నమ్మకం ఎంత గట్టిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ పరీక్ష శ్రావణంలో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు ఎదురైంది.

ఆ ఇంట్లో రెండు మరమగ్గాలు. ఒకటి తండ్రిది, ఒకటి కొడుకు దేవరాజ్‌ది. ముందురోజు సాయంత్రం దేవరాజ్ మగ్గం మీద పడుగు అయిపోయింది. పడుగంటే చీర పొడవునా సాగే పోగులు. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగుల కొసలకు కొత్తవాటి కొసలను ఒక్కొక్కటిగా, వరస తప్పకుండా, వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. ఆ చీరకు నాలుగు వేల ఎనిమిది వందల పోగులు. అతికే మనిషి మగ్గం వెనక ఇరుకులో మోకాళ్ళు ముడుచుకుని, వేళ్ళకు బూడిద అద్దుకుని కూర్చుంటాడు. ఎడమచేతి వేళ్ళ సందుల్లో పోగులు వరసగా ఇరికించి ఉంటాయి గనుక చేతిలోని కట్ట పూర్తయ్యేదాకా లేవడు, తల ఎత్తడు. ఒక్క పోగు వరస తప్పినా దిగే ప్రతి చీరలోనూ సన్నని గీత పడుతుంది. ఆ గీత చూసి వీధిలో అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "ఎవురి అతుకప్పా ఇది?" నలభై ఏళ్ళలో ఆ ప్రశ్నకు జవాబుగా శ్రీనివాసప్ప పేరు ఎవరూ చెప్పి ఎరగరు.

అంతకుముందు శనివారం కార్మికుల ఊరేగింపులో ఎవరో పోలీసు జీపు మీద రాయి విసిరారు. అనుమానితుల జాబితాలో ఓబులేష్ పేరు చేరింది. ఓబులేష్ ఆ ఇంటి మిద్దె మీది గదిలో అద్దెకుండేవాడు. రెండు రోజులుగా గదికి రాలేదు. అతన్ని వెతుక్కుంటూ ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. శ్రీనివాసప్ప కొడుకు మగ్గం వెనక కూర్చుని అతుకుతున్నాడు. తండ్రి మగ్గాన్ని దేవరాజ్ నడుపుతున్నాడు. ఆ చప్పుడులో ఎస్సై అడిగిన మొదటి ప్రశ్న శ్రీనివాసప్ప చెవిన పడలేదు. రెండోది పడింది.

"ఒక్క నిమిషం సార్. చేతిలో పోగులుండాయి," అన్నాడు, తల ఎత్తకుండా.

అతని వెనక మంజునాథ్ అనే కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా ఆ వీధులన్నీ తిరిగి విసిగిపోయిన మనిషి. సాహేబు అడుగుతూంటే కూర్చునే జవాబు చెప్పే ముసలివాణ్ణి అతను అంతకుముందు చూసి ఉండడు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. శ్రీనివాసప్ప చేతిలో ఉన్న పోగును మెలిపెట్టి ముగించాడు. రెండోది కుడి భుజం మీద, మెడకు దగ్గరగా పడింది. ఒంట్లో ఎక్కడో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. అయినా ఎడమచేతి వేళ్ళు సడలలేదు. ఆ తర్వాత జరిగింది అతను చూడలేదు, విన్నాడు: మగ్గం ఆగడం, పరుగెత్తే అడుగులు, చిన్న పెనుగులాట, ఇనుము మీద మనిషి పడిన మోత. కట్టను ముడివేసి తల తిప్పేసరికి లాఠీ దేవరాజ్ చేతిలో ఉంది. మంజునాథ్ రెండో మగ్గం కాళ్ళ దగ్గర పడి, కుడి మణికట్టు పట్టుకుని మూలుగుతున్నాడు.

"తలకే ఎత్తినాడు నాయనా," అన్నాడు దేవరాజ్. అతని గొంతులో కోపం లేదు. లాఠీని మెల్లగా నేల మీద పెట్టి గోడకు ఆనుకున్నాడు. "వెనకనుంచి నడినెత్తికే ఎత్తినాడు. పట్టుకుని తోస్తిని. నేను కొట్టలేదు."

వంటింట్లోంచి చైత్ర పరుగెత్తుకొచ్చే సరికి అంతా అయిపోయింది. ఆమె దేవరాజ్ భార్య, శ్రీనివాసప్పకు సొంత చెల్లెలి కూతురు. ఆమె చూసిందల్లా మొగుణ్ణి ఇద్దరు రెక్కలు పట్టుకుని జీపెక్కించడం.

పక్కింటి హనుమంతుకూ మగ్గాలే. అతను శ్రీనివాసప్పను స్కూటరు మీద సర్కారు ఆస్పత్రికి తీసుకువెళ్ళాడు. డ్యూటీ డాక్టరు భుజాన్ని నొక్కి చూసి, ఎక్స్‌రేకు చీటీ రాసింది. ఎక్స్‌రే గది ముందు ఇరవై మంది ఉన్నారు. వరసలో వీళ్ళకంటే ముందుగా మంజునాథ్‌ను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకువెళ్ళారు. మధ్యాహ్నం మూడు దాటింది. శ్రీనివాసప్ప లేచి నిలబడ్డాడు.

"యాడికి?" అన్నాడు హనుమంతు.

"ఇంటికి. సగం అతికి వచ్చేస్తిని."

"నీ భుజం చూడు, బొండం మాదిరి ఉబ్బిండాది. అతుకంట, అతుకు. నీకు బుద్ధుండాదా?"

"సాయంత్రానికి పిల్లోణ్ణి వదిలేస్తారప్పా. రాయి వేసింది వాడు కాదు గదా. వాడు వచ్చేసరికి వాని మగ్గం తయారుగా ఉండల్ల."

అలా వచ్చేశాడు. కుడిచేయి పైకి లేవకపోతే మోకాలి మీద ఆనించుకుని, పళ్ళు బిగపట్టి, మిగిలిన రెండు వేల పైచిలుకు పోగులూ చీకటిపడే వేళకు అతికి ముగించాడు. దేవరాజ్ ఆ సాయంత్రం రాలేదు. బెయిలు దొరకడానికి ఐదు నెలలు పట్టింది.

ఈలోగా ఆస్పత్రి కాగితం పోలీసు ఫైల్లోకి చేరింది. మంజునాథ్ పేరిట: కుడి మణికట్టు ఎముక విరిగింది, తీవ్రగాయం, ఎక్స్‌రే జతపరచడమైనది. శ్రీనివాసప్ప పేరిట: కమిలిన గాయాలు రెండు, స్వల్పం, ఎక్స్‌రే సూచించాం, రోగి చెప్పకుండా వెళ్ళిపోయాడు. మూడు నెలల తర్వాత చేయి భుజం పైకి లేవకపోతే బయట ఎక్స్‌రే తీయించారు. మెడకూ భుజానికీ మధ్య ఎముక విరిగి, వంకరగా అతుక్కుని ఉంది. "ఇది పాతది. ఏ రోజు విరిగిందో నేను రాసివ్వలేను పెద్దాయనా," అన్నాడు ఆ డాక్టరు. అతను చెప్పింది తప్పు కాదు.

దేవరాజ్ తరఫు వకీలు అర్చన సొంతవూరు చింతామణి పక్కన. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉందని మొదటిరోజే తేల్చి చెప్పింది. సర్కారు ఉద్యోగి డ్యూటీ మీద, సదుద్దేశంతో చేసే పనిని అడ్డుకునే హక్కు మామూలుగా ఎవరికీ లేదు. ఆ పని చట్టానికి కాస్త అటూ ఇటూ అయినా సరే. ఒక్క సందర్భంలో మాత్రం ఆ హక్కు ఉంది. ప్రాణం పోతుందనో, ఎముక విరిగేపాటి దెబ్బ తగులుతుందనో భయపడడానికి తగిన కారణం ఉంటే పోలీసు చేతినైనా పట్టుకోవచ్చు. తన కోసమే కానక్కరలేదు, పక్కవాడి కోసమైనా పట్టుకోవచ్చు.

"అంటే మేడమ్," అన్నాడు హనుమంతు, "లాఠీ వచ్చేటప్పుడు ఇది తోలు కమిలేదా, ఎముక విరిగేదా అని మేము టేపు పెట్టి కొలవల్లనా?"

"కొలవల్లప్పా. మీకు అర సెకండు టైముంటుంది. కోర్టు దాన్నే సంవత్సరం పాటు నిదానంగా కొలుస్తుంది." అర్చన నవ్వలేదు. "అయిపోయిన రెండు దెబ్బలు మనకు సాయం చేస్తాయిగానీ, కేసు వాటి మీద నిలవదు. దేవరాజ్ పట్టుకున్నది మూడోదాన్ని. అది తల మీదికి వస్తోందని మనం నమ్మించాలి. ఎస్సై ఏమంటాడంటే, లేపడానికి లాఠీతో ఒకసారి భుజం తట్టారు, అంతే అంటాడు. మంజునాథ్ అదే అంటాడు. రెండో కానిస్టేబులూ అదే అంటాడు. మన వైపు దేవరాజ్ ఒక్కడు. ముద్దాయి మాట ముద్దాయికి ఎంత పనికొస్తుందో మీకు తెలుసు." ఆమె శ్రీనివాసప్ప వైపు తిరిగింది. "పెద్దాయనా, మిమ్మల్ని సాక్షిగా పిలుస్తాను. చూసింది చూసినట్టు చెప్పండి. చూడనిది చెప్పవద్దు."

సాక్ష్యానికి వారం ముందు ఒక మధ్యాహ్నం చైత్ర కండెలు చుడుతూ ఉన్నట్టుండి రాట్నం ఆపింది.

"మామా, మూడోది చూసినానని చెప్పు."

"చూడలేదు గదమ్మా."

"ఆయన చూసినాడు. ఆయన అబద్ధం చెప్తాడా?"

"వాడా? చెప్పడు."

"అట్లయితే తలకు ఎత్తింది నిజమే గదా."

"నిజమే."

"నిజాన్ని నువ్వు చెప్తే అది అబద్ధం ఎట్లయితాది?"

ఆ మాటలో తప్పు ఎక్కడుందో శ్రీనివాసప్పకు తెలుసు. వేలుపెట్టి చూపించగలడు కూడా. కాని ఆమె రాట్నం మళ్ళీ తిప్పకుండా అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది. పదేళ్ళ జైలు, పదేళ్ళదాకా వేయొచ్చంట అని ఆమె మెల్లగా అంది. అతను లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. తిరిగి వచ్చి, "ఏ చేత్తో ఎత్తినాడో దేవరాజ్‌ను అడిగి చెప్పు," అన్నాడు. ఆ రాత్రి దేవరాజ్‌కు ఈ సంగతి తెలిసి వద్దన్నాడు. గట్టిగా అనలేదు.

ఘటన జరిగిన పద్నాలుగు నెలలకు శ్రీనివాసప్ప ఉతికిన తెల్లపంచె కట్టుకుని సెషన్స్ కోర్టు బోనెక్కాడు. దేవరాజ్ వెనకవైపు ముద్దాయిల స్థలంలో నిలబడ్డాడు. అర్చన అడిగిన ప్రశ్నలకు జవాబులన్నీ సాఫీగా వచ్చాయి. చివర ఆమె, "రెండో దెబ్బ తర్వాత ఏం జరిగింది?" అని అడిగింది. పెనుగులాట విన్నానని చెబుతాడని ఆమె అనుకుంది.

"మూడోది కుడిచేత్తో నా తల మీదికి ఎత్తినాడు సార్. చూసినాను. మావాడు పట్టుకోకుంటే పోయుంటాను."

అర్చన కలం ఆగింది. ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, ఇంకేమీ అడగకుండా కూర్చుంది.

ప్రభుత్వ వకీలు తల నెరిసిన, మెత్తగా మాట్లాడే మనిషి. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. ముందు విరిగిన ఎముక సంగతి అడిగాడు. ఆస్పత్రి నుంచి ఎందుకు వెళ్ళిపోయారు? అతుకు సగంలో ఉంది సార్. కొడుకును స్టేషనుకు తీసుకువెళ్ళిన రోజున మీరు అతుక్కుంటూ కూర్చున్నారా? వాడు వచ్చేసరికి మగ్గం ఖాళీగా ఉండకూడదని. ఆ జవాబుకు న్యాయమూర్తి తల ఎత్తి సాక్షిని చూశారు. ప్రభుత్వ వకీలు బల్లకు ఆనుకుని నిలబడి, అరుగు మీద కబుర్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"మా అత్తగారి ఊళ్ళోనూ మగ్గాలున్నాయి. కొంత చూశాను. అతికేటప్పుడు మధ్యలో తల ఎత్తుతారా?"

"ఎత్తకూడదు సార్."

"ఎత్తితే?"

"వరస పోతుంది."

"అది కొత్తగా నేర్చుకునేవాళ్ళ మాట. మీకు నలభై ఏళ్ళ అనుభవం."

"ఎన్నేళ్ళయినా సరే. చేతిలో కట్టున్నంతసేపు కండ్లు పోగు మీదనే ఉండల్ల. అట్ల లేనివాడు అతికేదే వద్దు."

"దెబ్బలు పడుతున్నప్పుడు మీ చేతిలో కట్ట ఉందా?"

"ఉండాది."

"ఆ పడుగులో ఎన్ని చీరలు దిగాయి?"

"ఎనిమిది. మా కోడలే నేసింది."

అర్చన లేచింది. ఈ ప్రశ్నలకూ కేసుకూ సంబంధం లేదని అభ్యంతరం చెప్పింది. న్యాయమూర్తి, చెప్పనివ్వండి అన్నారు. అర్చన కూర్చోకుండా సాక్షివైపు చూసింది. చూపుతో చెప్పగలిగినదంతా చెప్పింది. శ్రీనివాసప్ప ఆమె వైపు చూడలేదు. తన పనిని గురించి ఇంత పెద్దమనుషులు ఇంత శ్రద్ధగా అడగడం అతని జన్మలో అదే మొదలు.

"ఆ ఎనిమిది చీరల్లో ఎక్కడైనా గీత పడిందా శ్రీనివాసప్పా? ఒక్క పోగైనా వరస తప్పిందా?"

వంగిన భుజం కూడా కాస్త నిటారైంది.

"నా చేతిలో ఏనాడూ తప్పలేదు సార్."

టైపు చేసే అమ్మాయి ఆ వాక్యం ముగించేదాకా ప్రభుత్వ వకీలు ఆగాడు.

"అయితే ఆ రోజు మీరు తల ఎత్తలేదు."

గోడ మీది ఫ్యాను తిరుగుతోంది. శ్రీనివాసప్ప ముందున్న చెక్క కమ్మీని పట్టుకున్నాడు. ప్రశ్న అతనికి అర్థమైంది. అడిగినవాడు ఎక్కడినుంచి బయల్దేరాడో, ఏ దారిన ఇక్కడికి నడిపించుకొచ్చాడో, దారిలో ప్రతి అడుగూ తను ఎంత ఇష్టంగా వేశాడో అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఒక పోగు తప్పిందని ఇప్పుడైనా అనవచ్చు.

న్యాయమూర్తి కన్నడంలో, నెమ్మదిగా, ప్రశ్నను మళ్ళీ వినిపించారు.

"ఎత్తలేదు స్వామీ."

"మరి మూడో దెబ్బ?"

"నేను చూడలేదు. మావాడు చూసినాడు."

ప్రభుత్వ వకీలు ఇక అడిగేది లేదని చెప్పి కూర్చున్నాడు. అతని మొహంలో గెలుపు కనిపించలేదు. కాగితాలు సర్దుకుంటూ తల దించుకున్నాడు.

బయట వరండాలో అర్చన ఫైలు ఛాతీకి హత్తుకుని నిలబడింది. మందలించాలని వచ్చి ఆగిపోయింది. "వాదన ఇంకా ఉంది. భయం కలిగిందా లేదా అన్నది దేవరాజ్ మనసులోది, మీరు చూశారా లేదా అన్నది కాదు. అది నేను గట్టిగానే చెప్తాను," అంది. వెళ్ళబోతూ, "చూడలేదని మొదటే చెప్పి ఉంటే బాగుండేది పెద్దాయనా. చూడలేదు, రెండు దెబ్బలు తిన్నాను, ఎముక విరిగిన చప్పుడు విన్నాను అంటే చాలు. నాకు అంతే కావలసింది," అని లోపలికి వెళ్ళిపోయింది.

చైత్ర స్తంభం పక్కన నిలబడి ఏడుస్తోంది. నేనే చెప్పిస్తిని, నేనే చెప్పిస్తిని అంటోంది. హనుమంతు ఆమెకు నీళ్ళ సీసా ఇచ్చి, మూత తీయడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

దేవరాజ్ తండ్రి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. నల్లకోట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"నాయనా."

"ఊఁ."

"ఒక్క పోగు తప్పిందని అనుంటే ఏమి పోయేది?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. శ్రీనివాసప్ప తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"తప్పలేదు గదప్పా," అన్నాడు. ఆ తర్వాత కొడుకు భుజం మీద చేయి వేయబోయాడు. చేయి అంత ఎత్తుకు లేవలేదు. దేవరాజే కొంచెం వంగి, తండ్రి చేతి కిందికి భుజాన్ని తెచ్చాడు. అలాగే ఉండిపోయారు, కోర్టు బంట్రోతు వచ్చి భోజనాల వేళైంది, బెంచీలు ఖాళీ చేయండి అనేదాకా.

నాలుగు నెలల తర్వాత, ఫిబ్రవరిలో, తీర్పు వచ్చింది. మొత్తం నలభై ఒక్క పేజీలు. ఇరవై తొమ్మిదో పేజీలో, వృద్ధుడైన గృహస్థుపై లాఠీ వాడకం అవసరానికి మించి ఉండవచ్చునని న్యాయస్థానం అభిప్రాయపడింది. ముప్ఫైరెండో పేజీలో, డిఫెన్సు సాక్షి తాను చూడనిదాన్ని చూసినట్టు చెప్పి, తరువాత తానే ఒప్పుకున్నందువల్ల అతని సాక్ష్యాన్ని ఏ అంశంలోనూ నమ్మలేమని పేర్కొంది. ముప్ఫైనాలుగో పేజీలో, ప్రాణభయం గానీ తీవ్రగాయ భయం గానీ సహేతుకంగా కలిగిందని రుజువు కానందున ఆత్మరక్షణ హక్కు ముద్దాయికి వర్తించదని నిర్ణయించింది. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగికి తీవ్రగాయం కలిగించిన నేరానికి దేవరాజ్‌కు నాలుగేళ్ళ కఠిన కారాగార శిక్ష విధించింది. అదే మధ్యాహ్నం అతన్ని పరప్పన అగ్రహార జైలుకు తరలించారు. మంజునాథ్ మీద నడిచిన శాఖాపరమైన విచారణ ఆధారాలు లేవన్న కారణంతో ముగిసింది. అప్పీలును హైకోర్టు విచారణకు స్వీకరించింది. శిక్ష నిలుపుదల కోరిన అర్జీని తోసిపుచ్చింది.